నాలుగో పిచ్చుక

మార్చి 2

చార్టు సైట్లో పెట్టేశాను. పచ్చ, పసుపు, ఎరుపు పట్టీలు. మా కంప్యూటర్ సిస్టమ్ పిచ్చుకలో ఏ వెర్షన్ ఎప్పుడు పుట్టింది, ఎన్నాళ్ళు అన్ని మరమ్మతులూ చేస్తాం, ఎన్నాళ్ళు దొంగలు దూరే కన్నాలు మాత్రం పూడుస్తాం, ఎప్పుడు చేతులు దులుపుకుంటాం, అంతా ఒక్క బొమ్మలో వచ్చేసింది. చంటిపిల్లలకి కూడా అర్థమవుతుంది. పిచ్చుక వాడేవాళ్ళకి అర్థమవుతుందని మాత్రం పూచీ పడలేను.

నాలుగో వెర్షన్‌కి జూన్ ఆఖరున ఎరుపు. ఆ తరవాత అందరూ ఐదుకి మారాల్సిందే. చార్టు అడుగున ఇంకో ముక్క కూడా బొమ్మలోనే అందంగా చెక్కాను: ఐదులో మాటల ప్రోగ్రాం ఉండదు, అభ్యంతరం ఉన్నవాళ్ళు ఈ నెలలోగా చెప్పాలి. స్క్రీన్ మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ఆ ప్రోగ్రాం ఎప్పుడో బావ సరదాకి రాసింది. దానివల్ల ఐదు లావెక్కిపోతోంది. పాత కంప్యూటర్ల కోసం చేసిన తేలికపాటి సిస్టమ్ అని చెప్పుకుంటూ, పిచ్చుక అని పేరు పెట్టి గేదెని చేతిలో పెడితే జనం నవ్వరూ?

బావకి లింకు పంపాను. సాయంత్రం "చార్టు చూశావా?" అంటే "చూశాలే" అన్నాడు. ఒక్క మెచ్చుకోలు మాట లేదు. రంగులు ఎంచడానికే నాకు ఒక పూట పట్టింది. కుళ్ళు, ఇంకేం కాదు.

మార్చి 5

మెయిళ్ళు మొదలయ్యాయి. చచ్చినవాడి కళ్ళు చారెడు. నాలుగుని ఇన్నాళ్ళూ ఇది రాదు అది పోదు అని ఆడిపోసుకున్నవాళ్ళే, ఇప్పుడు అంత మంచి వెర్షన్ భూమ్మీద లేదంటున్నారు. ఒకాయన "మా ఇంట్లో మనిషిలాంటిది" అని రాశాడు. ఇంట్లో మనిషైతే ఏడాదికోసారైనా అప్‌డేట్ చేసేవాడు. ఒకావిడ నాలుగు మీద పద్యం రాసి పంపింది. గణాలు తప్పాయి.

పొద్దుతిరుగుడు ఫోన్ చేసింది. పిచ్చుకని చూసుకునేది నేను, బావ, ఆవిడ, ముగ్గురమే. ఎక్కడో దూరాన ఉంటుంది. ఎవరి గొంతు గట్టిగా ఉంటే అటు తిరుగుతుంది కాబట్టి నేను ఆ పేరు పెట్టుకున్నాను. నాతో "నాలుగుని ముగించాల్సిందేనండీ" అంది. అరగంట తరవాత బావతో "ఇంకొన్నాళ్ళు ఉంచితే పోయేదేముందండీ" అందట.

మార్చి 11

బావ సంతకం పెట్టనంటున్నాడు.

నాలుగుకి కాపరి ఆయన. ప్రతి వెర్షన్‌కీ ఒక కాపరి ఉండాలని మేము మొదట్లోనే పెట్టుకున్నాం. అందులోకి వెళ్ళే ప్రతి మార్పు మీదా కాపరి దగ్గరుండే రహస్య కీతోనే సంతకం పడాలి, లేకపోతే మెషిన్లు దాన్ని లోపలికి రానివ్వవు. ముగింపు నోటీసు మీద కూడా ఆయనదే సంతకం. "పెంచినవాడే సాగనంపాలి" అని అప్పట్లో గొప్పగా డైలాగు కొట్టింది నేనే. అనుభవిస్తున్నాను.

"ఎందుకు పెట్టవు?"

"ఐదు ఇంకా సిద్ధంగా లేదురా."

"ఏం తక్కువైంది?"

"నువ్వే తెలుసుకో."

నేనే తెలుసుకోవాలట! మొండివాడు రాజుకన్నా బలవంతుడు, సరే. కానీ ఈ రాజ్యంలో మెయిళ్ళకి జవాబులు రాసుకు చచ్చేది మంత్రి.

మార్చి 19

షాపులో ముందుగది నాది, వెనకగది బావది. మధ్యలో పాత కీబోర్డుల గుట్ట. జనం పారేద్దామనుకున్న కంప్యూటర్లు తెస్తారు, మేము దుమ్ము దులిపి పిచ్చుక ఎక్కించి ఇస్తాం. ఇదివరకు బావ ముందుకొచ్చి అందరినీ పలకరించేవాడు. ఇప్పుడు వెనకగదిలోంచి కదలడు. పొద్దస్తమానం చెవులకి హెడ్‌ఫోన్లు. స్క్రీన్ ఆర్పేసి ఉంటుంది. అదేమిటంటే కరెంటు ఆదా అట. గుడ్డికన్ను మూసినా ఒకటే తెరిచినా ఒకటే, ఈయన స్క్రీన్ వెలిగించినా ఒకటే ఆర్పినా ఒకటే. పని చేస్తే కదా.

ఇవాళ ఆయన టీ కప్పు కాస్త జరిపి నా స్క్రూల డబ్బా పెట్టుకున్నాను. ఆయన చెయ్యి తగిలి కప్పు కిందపడి పగిలింది. "ఎక్కడి వస్తువు అక్కడ ఉంచలేవురా?" అని షాపు ఎగిరిపోయేలా అరిచాడు. కప్పు పడగొట్టింది ఆయన, తిట్లు నాకు.

స్కూటర్ అమ్మేశాడు. నడక ఆరోగ్యమట. సాయంత్రాలు అక్క చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళొస్తున్నారు. ఈ వయసులో కొత్త పెళ్ళికొడుకు వేషాలు.

ఏప్రిల్ 1

నెల గడిచింది. అభ్యంతరాలు సున్నా. మౌనం అర్ధాంగీకారం అంటారు, నాకు ఆ సగం చాలు. మాటల ప్రోగ్రాం పీకేశాను. ఐదు సన్నబడి ముచ్చటగా ఉంది.

బావకి చెప్పాను. హెడ్‌ఫోన్లు తీశాడు.

"ఎవరూ ఏమీ అనలేదా?"

"ఎవరూ అనలేదు. నువ్వూ అనలేదు. అంతా చార్టు కింద ఉందిగా, చూశానన్నావుగా."

వాటి తీగ వేలికి చుట్టుకున్నాడు. తరవాత "అవును, అన్నాను" అని మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఓడిపోయినవాడి ముఖం చూడటానికి బాగుంటుందనుకున్నాను. ఏమంత బాగాలేదు.

ఏప్రిల్ 2

బాగానే ఉంది.

ఏప్రిల్ 14

రాత్రి భోజనం షాపు పైన అక్కావాళ్ళింట్లో. అక్క స్కూల్లో లెక్కలు చెబుతుంది, ఇంట్లో కూడా అందరినీ బెంచీ మీద నిలబెట్టే రకం.

"మీ నాలుగూ ఐదూ గొడవ కంచాల దగ్గర వద్దు."

"నేను ఎత్తలేదు. ఆయనే మూతి ముడుచుకు కూర్చున్నాడు."

"నువ్వే కాస్త తగ్గరాదుట్రా?"

"ఎందుకు తగ్గాలో కారణం చెప్పమను."

అక్క బావ వైపు చూసింది. బావ కంచంలోకి చూస్తున్నాడు. అక్క నీళ్ళ గ్లాసు తీసి ఆయన వేళ్ళకి ఆనించి పెట్టింది. గ్లాసు కూడా అందివ్వాలి దొరగారికి.

"బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. నువ్వేమిట్రా, ముగింపు ముగింపు అంటూ ఆయన వెంటపడతావు?"

"నేను కోరేది వెర్షన్ ముగింపే తల్లీ. నీ మొగుడిది కాదు."

బావ పగలబడి నవ్వాడు, చాలా కాలం తరవాత. నాకు భలే అనిపించింది. అక్క మాత్రం నవ్వకుండా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. లెక్కల మేష్టర్లకి హాస్యం అబ్బదు.

మే 6

ఇక ఊరుకోను. మా నిబంధనల్లోనే ఉంది: కాపరి పని చేయలేని స్థితిలో ఉంటే మిగతా ఇద్దరూ కలిసి కీ అప్పగించమని అడగొచ్చు. పొద్దుతిరుగుడికి ఇవాళ పెద్ద మెయిల్ రాశాను. "నాలుగో కాపరి పని మానేసి వెనకగదిలో పాటలు వింటున్నాడు. బద్ధకానికి పద్ధతి అని పేరు పెట్టుకున్నాడు." దాపరికం నాకు చేతకాదు, అందుకని ఒక కాపీ బావకి కూడా పంపాను. వోటింగ్ ఇరవై నాలుగున.

బావ జవాబివ్వలేదు. ఏమని ఇస్తాడు?

మే 18

పియానోలు శ్రుతి చేసే ఆయన వచ్చాడు. తెల్లకర్రతో గడప తడుముకుని, భుజాన ల్యాప్‌టాప్ సంచీతో ఒక్కడే. ఎప్పుడొచ్చినా తిన్నగా వెనకగదిలోకి పోయేవాడు, నేను తలెత్తి చూసిందే లేదు. ఇవాళ బావ అక్కతో కలిసి ఏదో పనుందని బయటికి వెళ్ళాడు. అందుకని ఆయన నా వాటాకొచ్చాడు.

"మీ కొత్తది ఎక్కించుకున్నామండి. పాతది ఆగిపోతోందని మా మేనకోడలు ఎక్కించింది. అప్పట్నుంచి మూగబోయింది."

"సౌండ్ సెట్టింగ్ ఏదో మారుంటుంది."

"పాటలు వస్తున్నాయండి. మాటే పోయింది."

"ఓ, అదా. ఆ ప్రోగ్రాం తీసేశామండీ. సైట్లో నెల్లాళ్ళు నోటీసు పెట్టాం. చూడలేదా?"

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన హాయిగా నవ్వాడు.

"లేదండి. మీ సైటు రోజూ వినేవాణ్ణి గానీ. మార్చిలో కొత్తగా ఒక బొమ్మ వచ్చింది. బొమ్మ అని మాత్రం చెప్పి మెషిన్ ముందుకు పోయింది. మీ షాపు ఫోటో కాబోలు అనుకున్నాను. దాన్లో మాటలున్నాయా?"

ఉన్నాయి. నేనే చెక్కాను. కళ్ళు లేనివాళ్ళు వాడే ప్రోగ్రాం తీసేస్తున్నాం, అభ్యంతరం ఉంటే చెప్పండి అని, కళ్ళున్నవాళ్ళకి మాత్రమే తెలిసేటట్టు. ఆ తరవాత ఎవరూ నోరెత్తలేదని మురిసిపోయాను. వాడేవాళ్ళ తెలివి గురించి ఈ డైరీలో ఎన్ని రాశానో. నా అంత తెలివైనవాడు ఇంకొకడు పుట్టడు.

"మళ్ళీ నాలుగే వేసివ్వండి బాబూ. ఎవరింటికి ఎప్పుడు వెళ్ళాలో అన్నీ దాన్లోనే ఉన్నాయి. మూడిళ్ళవాళ్ళు ఇప్పటికే ఇంకొకర్ని పిలుచుకున్నారు."

కూర్చోబెట్టి నాలుగు ఎక్కించడం మొదలుపెట్టాను. ఆయన కబుర్ల మనిషి.

"లోపలాయన లేరా? పోయినసారి పందెం వేసుకున్నాం, మెషిన్ ఎంత వేగంగా చదివితే ఎవరికి అర్థమవుతుందా అని. ఆయనే గెలిచారు. కొత్తగా నేర్చినవాళ్ళకి ఉత్సాహం ఎక్కువండి. నాకంటే పుట్టినప్పట్నుంచీ ఇంతే, ఎలాగో నెట్టుకొస్తాను. ఆయన పరిస్థితి అది కాదుగా. ఆ మధ్యదాకా మొహం ఆనించి చూస్తే కాస్త మసగ్గా అక్షరాలు తెలిసేవన్నారు. ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ లేదట. నాలుగు ఆగిపోతే ఆయన పనెలా చేస్తారండీ?"

నా కీబోర్డు టకటక ఆగిపోయేసరికి గొంతు తగ్గించాడు. "మీకు తెలుసు కదా?"

"తెలుసు," అన్నాను.

ఆయన వెళ్ళాక వెనకగదిలోకి వెళ్ళి బావ కుర్చీలో కూర్చున్నాను. కప్పు, స్క్రూడ్రైవర్లు, గుడ్డ, ఒక్కొక్కటీ దాని చోట్లో ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక మీట నొక్కితే తేనెటీగల రొదలాంటిది వినిపించింది. వేగం తగ్గించాను. మెయిళ్ళు చదువుతోంది. నాలుగు కోసం పూడ్చిన కన్నాల గురించి బావ రాసుకున్నవి వరసగా చదివి, ఆ తరవాత కోపమూ లేకుండా నవ్వూ లేకుండా "నాలుగో కాపరి పని మానేసి వెనకగదిలో పాటలు వింటున్నాడు" అని చదివింది.

మే 19

రాయడానికి ఏమీ లేదు.

మే 20

అక్క మేడమీద ఆరిన బట్టలు తీస్తుంటే వెళ్ళి పట్టుకున్నాను.

"నాకెందుకు చెప్పలేదే?"

దేని గురించి అని అడగలేదు. దుప్పటి ఒక కొస నా చేతికిచ్చింది, మడతపెట్టడానికి.

"ఆయన వద్దన్నాడు. నీకు తెలిస్తే జాలిపడి నాలుగుని ఉంచేస్తావట. నా కళ్ళ మీద జాలితో నడిచే వెర్షన్ నాకొద్దు, చేసింది తప్పని వాడికే తెలియాలి అన్నాడు. నేనూ పోట్లాడాను. వింటేగా."

"డాక్టర్లేమంటున్నారు?"

"మొన్న కూడా వెళ్ళొచ్చాం. చేసేదేమీ లేదుట."

"రోజంతా ఒకే షాపులో కూర్చుంటాం కదే అక్కా."

"నేనూ అదే అనుకునేదాన్ని," అంది అక్క. "రోజంతా ఒకే షాపులో కూర్చుంటారు, వీడికెందుకు తెలియడం లేదా అని."

తిట్టినా బాగుండేది. దుప్పటి మడత నా వైపు వంకరగా వచ్చింది, లాక్కుని తనే సరిచేసుకుంది.

మే 24

వోటింగ్ లేదు. ముగ్గురం ఫోన్లో కలవగానే నేనే చెప్పేశాను: "నాలుగుని ఇప్పుడే ముగించడానికి వీల్లేదు. ఐదు సిద్ధంగా లేదు."

"ఏం తక్కువైంది?" అన్నాడు బావ. అచ్చం మార్చిలో నేనడిగినట్టే.

"మాటల ప్రోగ్రాం. పియానోలాయన వచ్చి గడ్డి పెట్టిపోయాడు. చదివి వినిపించే మెషిన్ వాడేవాళ్ళకి నోటీసుని బొమ్మగా పెట్టాడు ఒక వెధవ."

"ఎవడా వెధవ?"

"ఉన్నాడులే మనలో ఒకడు."

"నేను మొదట్నుంచీ ఇదే అంటున్నానండీ," అంది పొద్దుతిరుగుడు.

జాలి పడ్డానని ఆయనకి అనుమానం రాకూడదు. అందుకని మామూలుకన్నా నాలుగు తిట్లు ఎక్కువే పెట్టాను. "అసలు నువ్వు ఆ ప్రోగ్రాం అంత లావుగా, అంత దరిద్రంగా రాయకపోతే నేను తీసేవాణ్ణే కాదు. మొత్తం మళ్ళీ రాస్తాను."

"నీవల్ల కాదురా."

"నీవల్ల అయినప్పుడు నాకేం రోగం?"

మామూలుగా తిట్టడం ఇంత కష్టమని ఇవాళే తెలిసింది.

జూన్ 9

కొత్త మాటల ప్రోగ్రాం సగం రాసి ఐదులో పెట్టి, స్క్రీన్ ఆర్పేసి వాడి చూశాను. "బటన్, బటన్, బటన్" అంటుంది. ఏ బటనో చెప్పదు. సగం బటన్లకి బొమ్మలే తప్ప పేర్లు పెట్టలేదు. పెట్టాల్సినవాడు నేనే. ఒక ఫైలు దాచబోయి చెరిపేశాను. ఆడలేక మద్దెల ఓడు అనడానికి కూడా లేదు, మద్దెల చేసింది కూడా నేనే కదా.

మార్చి 19 దగ్గర రాసిన సామెత ఒకటి కొట్టేద్దామనుకున్నాను. కొట్టలేదు. ఉండనీ, అది కూడా నా చేతిరాతే.

జులై 3

చార్టు తీసేశాను. దాని చోట ఉత్త మాటల్లో నోటీసు పెట్టాను: నాలుగు సెప్టెంబరు ఆఖరుదాకా ఉంటుంది, ఐదుకి మాట వచ్చాకే ఆగుతుంది. పెట్టేముందు చెవులతో విన్నాను, మూడుచోట్ల సరిచేశాను.

గడువు పెంచమని కాళ్ళావేళ్ళా పడ్డవాళ్ళే ఇప్పుడు "చెప్పిన తేదీకి కట్టుబడలేరా" అని మెయిళ్ళు రాస్తున్నారు. పద్యం రాసినావిడ మళ్ళీ ఇంకోటి రాసింది. ఈసారి నన్ను తిడుతూ. గణాలు కుదిరాయి.

ఆగస్టు 22

బావ ఐదు మీద కూర్చున్నాడు. వంకలు వినాలి: గొంతు జలుబు చేసినట్టుంది, కామా దగ్గర చచ్చినట్టు ఆగిపోతోంది, అంకెలు అప్పులవాడిలా చదువుతోంది. ప్రతిదానికీ నేను "నీ చెవులే బాగాలేవు" అన్నాను. కళ్ళ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సాయంత్రానికి అన్నీ సరిచేశాను. పియానోలాయన కామా దగ్గర ఎంతసేపు ఆగాలో చిటికెలు వేసి చూపించాడు.

బావ టీ కప్పు చోటు చుట్టూ బల్ల మీద సన్నటి అట్టముక్క అంటించాను, వేలికి తగిలేటట్టు. "ఇదేమిట్రా?" అన్నాడు. "బల్లకి మరకలు పడుతున్నాయి నీవల్ల" అన్నాను.

సెప్టెంబరు 30

నాలుగు ముగిసింది. బావే సంతకం పెట్టాడు. కాపరి చివర్న ఒక మాట రాయడం ఆనవాయితీ. ఆయన రాసింది: "నాలుగు తన పని తాను చేసింది. ఐదు ఇప్పుడు సిద్ధంగా ఉంది." అంతే. నేనైతే రెండు పేజీలు దంచేవాణ్ణి.

షాపు మూసే వేళకి వెనకగదిలోంచి మెల్లగా వచ్చాడు. రెండు చేతులా మానిటర్ పట్టుకుని, కీబోర్డుల గుట్టని మోకాలితో తడుముకుంటూ. సాయం చేయబోయి ఆగాను. నా బల్ల అంచు వెతుక్కుని దాని మీద దించాడు.

"ఇది ఎవరికైనా ఇచ్చెయ్. నాకు పనికిరావడం లేదు."

"దీన్నెవడు తీసుకుంటాడు, పురాతన వస్తువు" అన్నాను.

"నీకు తెలుసని నాకు మే నెలలోనే తెలుసురా. నోరు జారానని పియానోలాయన ఆ రాత్రే ఫోన్ చేసి ఏడిచినంత పనిచేశాడు."

"మరి ఇన్నాళ్ళూ నన్ను నాటకం ఆడనిచ్చావా?"

"జాలిపడి తిట్టడం మానేస్తావేమోనని భయపడ్డాను," అన్నాడు బావ. "మానలేదు. అది చాల్లే." నా భుజం కోసం గాల్లో వెతికి, దొరికాక ఒకటి చరిచి, మెట్లు లెక్కపెట్టుకుంటూ పైకి వెళ్ళిపోయాడు.

షాపులోకి ఏ స్క్రీన్ వచ్చినా ముందు తుడవడం నా అలవాటు. గుడ్డ తీసుకుని దీపం కిందికి వంచాను. గాజు నిండా దుమ్ము. మధ్యలో మాత్రం రెండు జిడ్డు మచ్చలు, నుదురు ఆనినచోట ఒకటి, దాని కింద ముక్కు ఆనినచోట ఒకటి. మార్చిలో నా చార్టు చూశానన్నాడు. ఇంత దగ్గరికి వచ్చి వెతికాడన్నమాట, నా రంగులు.

ఎవరికీ ఇవ్వను. తుడవలేదు కూడా.